రోజు విడిచి రోజు

తోలు సోలు ఉన్నదే అరగడానికి. ఈ మాట ముందే ఒప్పుకుంటే సగం బెంగ తీరుతుంది. కొత్త బూటు వేసుకున్న వారానికే అడుగు గరుకు తేలిందని కంగారుపడి, దాన్ని మళ్ళీ డబ్బాలో పెట్టేసి పెళ్ళిళ్ళకి మాత్రమే బయటికి తీసేవాళ్ళు ఉన్నారు. అడుగున చిల్లు పడి సాక్సు తడిసేదాకా ఒక్కసారి కూడా బూటు తిరగేసి చూడనివాళ్ళూ ఉన్నారు. నష్టం ఇద్దరికీ ఒకటే. సోలు మార్పించుకోవచ్చు, సరిగ్గా కుట్టిన జతకైతే రెండు మూడు సార్లు మార్పించుకోవచ్చు. మార్చడానికి వీల్లేనివి పైతోలు, పాదం ఆనే లోపలి అట్ట. అందుకని మన జాగ్రత్త అంతా ఒక లెక్క ప్రకారం నడవాలి: సోలుని నిదానంగా ఖర్చుపెట్టాలి, దాని పైన ఉన్నదాన్ని దాచుకోవాలి.

నిదానంగా ఖర్చుపెట్టడం అంటే తక్కువ నడవమని కాదు. తారురోడ్డు కన్నా, సిమెంటు కన్నా తోలు సోలుని వేగంగా తినేది తడి. బయటినుంచి వచ్చే వాన తడి ఒకటి. లోపలినుంచి దిగే చెమట తడి రెండోది. రెండోదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

అసలు అది తోలేనా

బజారులో ‘ప్యూర్ లెదర్’ అని అమ్మే బూట్లలో చాలావాటికి పైభాగమే తోలు. అడుగు రబ్బరో పీవీసీయో పీయూనో అయి ఉంటుంది. తోలు సోలయితే అంచుని గోటితో గీరినప్పుడు పీచు తగులుతుంది. కాస్త అరిగిన చోట ఒక నీటిచుక్క వేయండి, కాసేపట్లో ఆ చోటు నల్లబడి చుక్క ఇంకిపోతుంది. యూరప్ బజారు కోసం చేసిన జతలయితే ఇంకా సులువు. వాటిమీద చిన్న బొమ్మలు అచ్చు వేసి ఉంటాయి. పరిచిన జంతుచర్మం బొమ్మ తోలుకి గుర్తు, అల్లిక గళ్ళ బొమ్మ గుడ్డకి, డైమండు ఆకారం ఇంకేదైనా పదార్థానికి. అడుగుకి ఎదురుగా డైమండు ఉంటే ఈ అధ్యాయంలో సగం మీకు అక్కర్లేదు.

పీయూ (పాలీయురెథేన్) సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. గాలిలోని తేమకి ఆ పదార్థం తనంతట తానే లోపల విరిగిపోతూ ఉంటుంది, వాడకపోయినా సరే. అమెరికా వెళ్తూ బీరువాలో దాచిన బూట్లని నాలుగేళ్ళ తర్వాత తమ్ముడి పెళ్ళికొచ్చి తొడుక్కుంటే, మండపం చేరేలోపు అడుగు పొడిపొడిగా రాలిపోయిన కథలు చాలా ఇళ్ళలో వినిపిస్తాయి. తోలు సోలుకి ఆ రోగం లేదు. దాచడంలో శ్రద్ధ ఉంటే ఎన్నేళ్ళయినా ఉంటుంది.

తర్వాత చూడాల్సింది అడుగుని పైభాగానికి ఎలా కలిపారన్నది. మూడు దారులు. జిగురుతో అతికించడం అన్నిటికన్నా చవక. లోపలి అట్ట మీదుగా సోలుదాకా సూటిగా కుట్టడం రెండోది. ఆ కుట్టు మిషనుకి అమెరికాలో లైమన్ బ్లేక్ 1858లో పేటెంటు తీసుకున్నాడు కాబట్టి బ్లేక్ కుట్టు అంటారు. బూటు లోపల చెయ్యి పెట్టి పల్చటి అట్ట పొర ఎత్తి చూస్తే కుట్టు వరస కనిపిస్తుంది. మూడోది గుడ్‌ఇయర్ వెల్ట్. ఇందులో పైతోలుకి చుట్టూ ఒక తోలు పట్టీ కుడతారు, ఆ పట్టీకి సోలుని విడిగా కుడతారు. రబ్బరుని గట్టిపరిచే విద్య కనిపెట్టిన గుడ్‌ఇయర్ కొడుకు పేరుమీద వచ్చిన పద్ధతి ఇది. సోలు మార్చేటప్పుడు ఆ కింది కుట్టు మాత్రమే విప్పుతారు, పైతోలు జోలికి పోరు. ఎక్కువకాలం నిలిచేది కావాలంటే డబ్బు ఇక్కడే పెట్టాలి. పేరుకీ మెరుపుకీ కాదు. జిగురు సోలు మీద అందం కోసం అచ్చువేసిన ఉత్తుత్తి కుట్లు ఉంటాయి, వాటిని చూసి మోసపోకండి. దారం ఒకవైపు దిగి మరోవైపు తేలాలి.

బెరడు తాగిన తోలు

పచ్చితోలు కుళ్ళకుండా చేసే పద్ధతులు ముఖ్యంగా రెండు. క్రోమియం లవణాలతో చేసేది త్వరగా అయిపోతుంది, మెత్తగా వంగే తోలు వస్తుంది. బూట్ల పైభాగాలు ఎక్కువగా అదే. సోలు తోలు అలా కాదు. చెట్ల బెరడు, కాయల రసాల్లో నానబెట్టి, పీచు పీచుకీ ఆ వగరు పట్టేదాకా ఆగాలి. ఇంగ్లండులో డెవన్ ప్రాంతంలోని కాలిటన్ ఊళ్ళో బేకర్ కుటుంబం వాళ్ళు ఇప్పటికీ ఓక్ బెరడు గుంతల్లోనే సోలు తోలు చేస్తారు. ఒక తోలు తయారవడానికి ఏడాది పైచిలుకు పడుతుంది. మన దక్షిణాదిన ఆ పని తంగేడు చెక్క చేసింది. బతుకమ్మలో పేర్చే ఆ పసుపు పువ్వుల చెట్టు బెరడుతోనే మద్రాసు రేవునుంచి ఓడలెక్కిన ఈస్టిండియా తోళ్ళు తయారయ్యాయి. తర్వాత వాటిల్ అనే చెట్టు చెక్క వచ్చి దాన్ని పక్కకి నెట్టింది. కాన్పూరు వైపు మందపాటి గేదె తోళ్ళకి తుమ్మచెక్క, కరక్కాయ వాడారు.

మన ఊళ్ళల్లో ఇదంతా తోళ్ళు నానబెట్టే లందల్లో జరిగేది. తోలు పదును చేసినవాళ్ళని ఊరి బయట ఉంచి, వాళ్ళు కుట్టిన కిర్రు చెప్పులు తొడుక్కుని వీధంతా వినపడేలా నడిచిన పెద్దమనుషుల చరిత్ర మనది. ఆ పనిని సైన్సుగా నిలబెట్టినవాళ్ళలో ముందు చెప్పాల్సిన పేరు యలవర్తి నాయుడమ్మది. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టారు. మద్రాసులో 1948లో మొదలైన కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థకి 1958 నుంచి 1971 దాకా డైరెక్టరుగా పనిచేశారు. 1985లో కనిష్క విమానం పేలుడులో పోయారు.

తోళ్ళ పరిశోధనశాలల్లో తప్పకుండా కొలిచే ఒక అంకె ఉంది. తడి తోలు ఎంత వేడికి ముడుచుకుపోతుందన్నది ఆ అంకె. పచ్చితోలు 60, 65 డిగ్రీల దగ్గరే ముడుచుకుంటుంది. బెరడుతో చేసిన తోలు సుమారు 70 నుంచి 85 డిగ్రీల మధ్య లొంగిపోతుంది. క్రోమ్ తోలు మరిగే నీళ్ళని కూడా తట్టుకుంటుంది, అది సరిగ్గా పదునయిందో లేదో తేల్చడానికి ముక్కని మరుగునీళ్ళలో వేసి చూసేవాళ్ళు. అంటే మీ కాలి బూటులో పైభాగానికీ అడుగుకీ ఓర్పు ఒకటి కాదు. తడిసిన జతని హెయిర్ డ్రైయరు ముందో, గ్యాస్ పొయ్యి పక్కనో, ఫ్రిజ్ వెనకో పెడితే పైభాగం బాగానే కనిపిస్తుంది. అడుగు మాత్రం గట్టిపడి, పెనం మీద అప్పడంలా అంచులు లేచి, కొన్నాళ్ళకి వంగే చోట చిట్లుతుంది. రోహిణీ కార్తె ఎండలో డాబా మీద పెట్టినా అదే జరుగుతుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా.

తడిస్తే

వానలో తడిసిన సోలు మీద నడవడమే అసలు చేటు. తడి తోలులో పీచులు ఉబ్బి వదులవుతాయి. ఎండినప్పుడు నెలల తరబడి ఆగే అడుగు, తడిగా ఉన్నప్పుడు గరుకు రోడ్డుకి తురుము తురుముగా ఊడిపోతుంది. కాబట్టి మొదటి సలహా బూటుకి కాదు, మీకు: మబ్బు పట్టిన రోజున తోలు సోలు తొడుక్కోకండి. హైదరాబాదులో జూన్ నుంచి, నెల్లూరు వైపయితే అక్టోబరు నుంచి, ఒక రబ్బరు అడుగు జత గుమ్మం దగ్గర సిద్ధంగా ఉండాలి. తోలు సోలు వానాకాలపు వస్తువు కాదు. దాన్ని వాననీళ్ళకి ఆగేలా చేస్తామని ఎవరో అమ్మే నూనెల మీద పెట్టే డబ్బుతో చవకైన రబ్బరు జత వస్తుంది.

అయినా తడిసిందనుకోండి. లేసులు తీసేయండి. పొడిగుడ్డతో తుడవండి. బురద ఉంటే తడిమీద రుద్దకండి, ఆరాక బ్రష్షుతో దులిపితే మరక లేకుండా పోతుంది. లోపల పాత న్యూస్‌పేపరు ఉండలు చేసి వదులుగా కూరండి, గట్టిగా కుక్కితే ఆకారం పాడవుతుంది. గంటో రెండు గంటలో అయ్యాక చూస్తే కాగితం తడిసిపోయి ఉంటుంది, మార్చండి. చాలామంది ఇక్కడిదాకా సరిగ్గానే చేస్తారు. తర్వాత బూటుని నేలమీద మామూలుగా నిలబెడతారు. ఆరాల్సింది అడుగు, అదేమో నేలకి అతుక్కుని ఉంది! బూటుని పక్కకి వాల్చి పడుకోబెట్టాలి, సోలుకి గాలి తగలాలి. సీలింగు ఫ్యాను గాలి చాలు. రెండు రోజులు పడుతుంది. మూడోరోజు పట్టుకుని చూస్తే ఇంకా చల్లగా అనిపించిందంటే లోపల తడి ఉన్నట్టే, ఇంకోరోజు వదిలేయండి.

రోజు విడిచి రోజు

వాన ఏడాదిలో కొన్ని నెలలే. చెమట రోజూ. ఒంట్లో చెమట గ్రంథులు అన్నిటికన్నా దట్టంగా ఉండేవి అరచేతుల్లో, అరికాళ్ళలో. పొద్దున తొమ్మిదికి తొడిగి రాత్రి ఎనిమిదికి విప్పే బూటు పదకొండు గంటలపాటు ఆ చెమట తాగుతూనే ఉంటుంది. లోపలి అట్ట, దాని కింద నింపిన కార్కు పొడి, ఆ కింద సోలు, వరసగా అన్నిటికీ ఆ తేమ దిగుతుంది. ఒక్క రాత్రిలో అది పూర్తిగా ఆరదు. మర్నాడు మళ్ళీ తొడిగితే సగం తడి తోలు మీద నడుస్తున్నట్టు. అందుకే ఒకే జతని రోజూ వేసుకుంటే ఎంత ఖరీదైనదైనా త్వరగా పోతుంది. రెండు జతలు కొని రోజు విడిచి రోజు వాడితే, ఆ రెండూ కలిసి, ఒకదాని తర్వాత ఒకటిగా అరగదీసిన రెండు జతలకన్నా ఎక్కువకాలం వస్తాయి. ఈ అధ్యాయంలో మీకు ఒక్క మాటే గుర్తుంటుందనుకుంటే ఇదే గుర్తుంచుకోండి.

విశ్రాంతి ఇస్తే తోలు ఎంతకాలం నిలుస్తుందో చెప్పడానికి ఒక చెప్పుల జత ఉంది. దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయ్ ఫారంలో గాంధీ, ఆయన మిత్రుడు కాలెన్‌బాక్ చెప్పులు కుట్టే పని పెట్టారు. కాలెన్‌బాక్ ఆ విద్య డర్బన్ దగ్గర మరియన్‌హిల్‌లోని ఒక క్రైస్తవ మఠంలో నేర్చుకొచ్చాడు. 1914లో ఆ దేశం వదిలి వస్తూ గాంధీ తాను కుట్టిన చెప్పుల జతని జనరల్ స్మట్స్‌కి పంపాడు, తనని జైల్లో పెట్టించిన మనిషికే. స్మట్స్ వాటిని ఏళ్ళ తరబడి వేసవుల్లో వాడి, గాంధీకి డెబ్బై ఏళ్ళు నిండిన 1939లో ఆ జతనే తిరిగి పంపాడు. పాతికేళ్ళు! ఈ కథ చెప్పేవాళ్ళంతా ఇద్దరి పెద్దమనసు గురించి చెబుతారు. నాకు అందులో వేసవి అన్న ముక్క మీదికే దృష్టి పోతుంది. ఏడాదిలో కొన్ని నెలలే వాడి, మిగతా నెలలు ఊరికే ఉంచితే తోలు అడుగు అన్నాళ్ళూ ఉంటుంది మరి.

ఆ సెలవు రోజున బూటు లోపల చెక్క అచ్చు పెట్టుకుంటే మంచిది. దేవదారు చెక్కవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పాలిష్ లేని చెక్కే కొనండి, వార్నిష్ కొట్టినది తేమ పీల్చదు. అచ్చు లోపలి తేమని కొంత లాగుతుంది, అంతకన్నా ముఖ్యంగా సోలుని చదునుగా పట్టి ఉంచుతుంది. ముడుచుకున్న సోలు ముందుభాగం నేలకి సమంగా ఆనదు, ఆనిన చోటే అరుగుతుంది. అచ్చుకి డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే న్యూస్‌పేపరే మళ్ళీ గతి. సాక్సు లేకుండా లోఫర్లు వేసుకునే ఫ్యాషన్ గురించి ఎక్కువ చెప్పను. ఉప్పు చెమట సూటిగా లోపలి అట్టలోకి దిగితే అది పెళుసెక్కి పగులుతుంది. ఆ అట్ట పోయాక కింద ఎంత మంచి సోలు వేయించినా దండగ.

బైకు, గుమ్మం

విదేశీ పుస్తకాల్లో బూట్ల జాగ్రత్తలు చదివితే మన ఊళ్ళకి సంబంధించిన రెండు విషయాలు వాటిలో ఉండవు. ఒకటి మోటారుసైకిలు. ఎడమ బూటు మీద గేరు రాపిడి మచ్చ అందరికీ కనిపిస్తుంది. సిగ్నలు దగ్గర బండి ఆగేముందు పాదాన్ని రోడ్డుకి ఆనించి ఈడ్చే అలవాటుని మాత్రం ఎవరూ పట్టించుకోరు. అలా ఈడ్చిన ఒక్క గజం, మామూలుగా నడిచిన ఎన్నో గజాలతో సమానం. రోజూ బండి మీద వెళ్ళేవాళ్ళకి నేను తోలు సోలు సలహా ఇవ్వను. తప్పదంటే బూట్లు బ్యాగులో పెట్టుకుని, బండి మీద చెప్పులో కాన్వాసు బూట్లో వేసుకుని, ఆఫీసులో మార్చుకోండి. కోర్టుకెళ్ళే లాయర్లు కొందరు చేసే పని ఇదే.

రెండోది గుమ్మం. ఇల్లు, గుడి, డాక్టరు గది, బంధువుల ఇల్లు, ఎక్కడికి వెళ్ళినా మనం బూట్లు విప్పుతాం. రోజుకి అన్నిసార్లు లేసులు ఎవరు విప్పుతారు? ఒక కాలి వేళ్ళతో మరో కాలి మడమ తొక్కి లాగేస్తాం, తొడుక్కునేటప్పుడు వెనకభాగం అణగదొక్కి దూరుతాం. ఆ మడమ దగ్గర లోపల ఒక గట్టి ముక్క ఉంటుంది. అది విరిగితే బూటు పాదాన్ని పట్టుకోదు, నడిచినప్పుడల్లా మడమ పైకీ కిందికీ జారుతుంది, హీలు వంకరగా అరుగుతుంది. దీనికి విరుగుడు చిన్నది. జేబులో పట్టే షూహార్న్ ఒకటి ఉంచుకోండి, ఇంట్లోనైతే చెంచా కాడ చాలు. ఎక్కువ గుమ్మాలు ఎక్కే ఉద్యోగమైతే లేసుల బూటు మానేసి లోఫరో, పక్కన ఎలాస్టిక్ ఉన్నదో కొనుక్కోండి. గుడి బయట స్టాండులో ఇచ్చేటప్పుడు మాత్రం నీడ చూసుకోండి. మిట్టమధ్యాహ్నం బండరాయి మీద బోర్లించి ఉంచిన జతకి పై పేరాల్లో చెప్పిన వేడి సంగతంతా వర్తిస్తుంది.

రబ్బరు వేయించాలా, లాడం కొట్టించాలా

కొత్త సోలు బిరుసుగా ఉంటుంది, పాదంతో పాటు వంగదు. అందుకని అడుగు లేపేటప్పుడు బొటనవేలి దగ్గర అంచు నేలకి రాసుకుంటుంది. మొదటి నెలల్లో ముందు అరిగేది అదే. కొని తేగానే కొన్నాళ్ళు ఇంట్లోనో ఆఫీసు నేల మీదో నడిచి దాన్ని వంగేలా చేసుకోవాలి. గ్రానైటు, మార్బుల్ నేలల మీద కొత్త తోలు అడుగు జారుతుంది, ఫంక్షన్ హాలు మెట్ల మీద జాగ్రత్త. రెండు మూడు సార్లు సిమెంటు మీద నడిస్తే పైనున్న నునుపు పోయి పట్టు వస్తుంది.

ముందు అంచుకి ఇనప లాడం కొట్టించే అలవాటు మన దగ్గర పాతదే. పనిచేస్తుంది. కానీ పల్చటి సోలుకి మేకు దిగితే అది ఒకరోజు లోపలికి తేలి వేలికి గుచ్చుకుంటుంది, మెట్రో స్టేషను రాతినేల మీద ఇనుము మరీ జారుతుంది, మీరు వెళ్ళిన ఇంటివాళ్ళ నేల మీద గీతలు పడతాయి. ముందు అంచుకి చిన్న రబ్బరు ముక్క వేయిస్తే ఈ బాధలేవీ లేవు.

పాదం ముందు సగానికి పల్చటి రబ్బరు హాఫ్ సోలు వేయించే విషయంలో బూట్ల ప్రియులు రెండు పక్షాలుగా విడిపోయి కొట్లాడుకుంటారు. తోలుకి గాలి ఆడదంటారు ఒకరు, అడుగు అరగనే అరగదంటారు ఇంకొకరు. నా మాట సూటిగా చెబుతాను. కారులో వెళ్ళి ఏసీ ఆఫీసులో కూర్చునేవాళ్ళకి అక్కర్లేదు. బస్సెక్కి, ఫుట్‌పాత్ లేని రోడ్ల మీద నడిచేవాళ్ళకి ఆ రబ్బరు చాలా మేలు. కొన్న రోజునే వేయించకండి. కొన్నాళ్ళు వాడి, పాదం వంగే చోట మడత పడ్డాక, పూర్తిగా ఆరిన సోలుని గరుకుకాగితంతో గీకి అతికిస్తే జిగురు పట్టుకుంటుంది. తడి ఉండగా అతికిస్తే లోపల తేమ బందీ అయి తోలు కుళ్ళుతుంది.

బొటనవేలి పరీక్ష

నెలకోసారి బూటు తిరగేసి, పాదం వేళ్ళ మొదళ్ళు ఆనే చోట మధ్యలో బొటనవేలితో నొక్కండి. అంచు దగ్గరా నొక్కి చూడండి. రెండు చోట్లా ఒకేలా గట్టిగా ఉంటే ఇంకా సమయం ఉంది. మధ్యలో మెత్తగా లోపలికి దిగుతూ ఉంటే, చుట్టూ ముదురు రంగు వలయం కనిపిస్తే, సోలు మార్పించే రోజు వచ్చినట్టు. చిల్లు పడేదాకా ఆగితే తడి లోపలి పొరల్లోకి దూరి, నష్టం సోలుతో ఆగదు. హీలు విషయం ఇంకా తేలిక. కింద ఉన్న రబ్బరు ముక్క బయటివైపు వెనక మూలలో ముందు అరుగుతుంది. ఆ రబ్బరు ఉండగానే మార్పిస్తే అది కొద్ది నిమిషాల పని. రబ్బరు దాటి పైన పేర్చిన తోలు పొరలు అరిగాక వెళ్తే హీలు మొత్తం కట్టాలి.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి? వీధి చివర చెట్టు కింద కూర్చునే మోచీ చెయ్యి హీలు రబ్బరుకి, ఊడిన కుట్టుకి, అంచు ముక్కకి సరిపోతుంది. చాలాసార్లు షోరూమ్ కంటే మెరుగు. పూర్తి తోలు సోలు మార్చాలంటే వెల్ట్ కుట్టు తెలిసినవాళ్ళని వెతకాలి. పని ఇచ్చేటప్పుడు నాలుగు మాటలు ముందే చెప్పుకోండి: “అన్నా, ఈ పట్టీ కుట్టు కొయ్యకు. మేకులు లోపలికి కొట్టకు, దారంతోనే కుట్టు. తోలు ఇంతే మందం ఉండాలి. తొందర లేదు, రేపొచ్చి తీసుకుంటా.” ఆ చివరి మాటే పనిని మార్చేస్తుంది. నిలబడి ఉన్న మనిషి కాలు ఆడిస్తుంటే ఎవరైనా నాలుగు మేకులు కొట్టి పంపించేస్తారు. డబ్బు దగ్గర బేరం ఆడకండి. కొత్త జత ధరలో చిన్న వంతుకి మీ బూటుకి ఇంకో ఆయుష్షు ఇస్తున్న చెయ్యి అది.

కొత్త సోలుకి గేదె వీపు భాగం తోలు దొరికితే అదృష్టం. పొట్టభాగం తోలు మెత్తగా స్పంజిలా ఉంటుంది, నీళ్ళు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. ముక్కని వంచి చూసినప్పుడు బిగువుగా తిరిగి లేస్తే మంచిది.

నూనె, పాలిష్, బూజు

పాతకాలంలో కొత్త చెప్పులకి ఆముదం పట్టించేవాళ్ళు. చేత్తో చేసిన మందపాటి తోలు చెప్పుకి అది సరిపోయింది. బూటు సోలుకి అలా పట్టించకండి. నూనె ఎక్కువైతే తోలు మెత్తబడి ఇంకా వేగంగా అరుగుతుంది, జిగురు పట్టు వదులుతుంది. తడిసి ఆరాక అడుగు మరీ బిరుసుగా, తెల్లగా కనిపిస్తే పల్చగా ఒక్క పూత తోలు కండిషనరు రాసి, రాత్రంతా వదిలేస్తే చాలు. పైతోలుకి మాత్రం క్రమం తప్పకుండా క్రీము పాలిష్ కావాలి, మడతలు పడే చోట మరీ. పైన స్పంజి ఉండి ఒక్కసారి రుద్దితే తళతళలాడించే ద్రవాలు వద్దు. అవి తోలు మీద పల్చటి పొర కడతాయి, ఆ పొర పగిలితే మడత పగిలినట్టే కనిపిస్తుంది.

శ్రావణ భాద్రపదాల్లో బీరువాలో తెల్లగా బూజు పడితే బయటికి తెచ్చి దులపండి, లోపల దులిపితే పక్క జతకి అంటుకుంటుంది. నీళ్ళు కలిపిన వెనిగర్‌లో గుడ్డ ముంచి బాగా పిండి తుడిచి, నీడలో ఆరబెట్టండి. కర్పూరం, కలరా ఉండలు పురుగులకే గానీ బూజుకి పనిచేయవు. ప్లాస్టిక్ కవరులో కట్టి దాచడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. పాత దుప్పటి గుడ్డతో కుట్టిన సంచీ చాలు.

చికాగోలోనో న్యూజెర్సీలోనో ఉండి ఇది చదువుతున్నవాళ్ళకి శత్రువు మంచు కాదు, దాన్ని కరిగించడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు. ఆరాక తోలు మీద తెల్లటి గీతలుగా తేలుతుంది, అలాగే వదిలేస్తే తోలు పగులుతుంది. ఆ రోజే వెనిగరు నీళ్ళ గుడ్డతో తుడిచేయండి. చలికాలపు రోడ్డు మీద రబ్బరు బూట్లు, ఆఫీసు బల్ల కింద తోలు బూట్లు, అక్కడివాళ్ళు చాలామంది పాటించే పద్ధతి ఇదే.

ఇంత చేసినా ఒక రోజున పైతోలు మడత దగ్గర లోతుగా చీలుతుంది. క్రీము ఎంత రాసినా ఆ చీలిక మూసుకోదు. అప్పుడు ఆ జతకి మళ్ళీ తోలు సోలు వేయించకండి, డబ్బు వృథా. అదే మోచీ దగ్గర చవకైన రబ్బరు సోలు అతికించమనండి. రాబోయే వానాకాలానికి గుమ్మం దగ్గర పెట్టుకోవాల్సిన రెండో జత మీకు దొరికినట్టే.